మరాయా ద్వీపంలో సైకిలు ప్రయాణం

పిల్లలూ! మీ అట్లాసులో ఆస్ట్రేలియా పటం తీయండి. ఖండానికి అడుగున, కుడివైపు మూలగా, విడిపోయిన ముక్కలా ఓ దీవి కనిపిస్తుంది. అది టాస్మానియా. దాని తూర్పు తీరం వెంట భూతద్దం పెట్టి వెతికితే మరో చుక్క దొరుకుతుంది. ఈ నెల మన ప్రయాణం ఆ చుక్క మీదికి.

1642లో ఏబెల్ టాస్మన్ అనే డచ్చి నావికుడు దానికి తన పై అధికారి భార్య మరియా పేరు పెట్టాడు. అక్కడివాళ్లు మాత్రం ‘మరాయా’ అని పలుకుతారు. పేరు పెట్టింది టాస్మనే గాని, కనుక్కున్నది ఆయన కాదు. వేల ఏళ్లుగా ఆదిమవాసులు చెట్టుబెరడు పడవల మీద ఆ జలసంధిని దాటి వచ్చిపోతూనే ఉండేవారు.

ట్రయబన్నా అనే చిన్న ఊళ్లో లాంచీ ఎక్కితే గంటలోపే దీవి చేరతాం. దిగగానే మీకో వింత తోస్తుంది. దుకాణం లేదు, హోటలు లేదు, మోటారు చప్పుడు లేదు. 1972 నుంచి ఈ దీవి జాతీయ పార్కు. సందర్శకులు కార్లు తీసుకుపోకూడదు. కాలినడకన తిరగాలి, లేదా సైకిలు తొక్కాలి. అన్నం మూట మనమే కట్టుకుపోవాలి, చెత్త మనమే వెనక్కి మోసుకురావాలి. దారి పక్కన కనిపించే పాత ఇటుక కట్టడాలు ఒకనాటి జైలువి. ఇంగ్లండు నుంచి తెచ్చిన ఖైదీలను 1825 నుంచి కొన్నేళ్లు, మళ్లీ 1842 నుంచి కొన్నేళ్లు ఇక్కడ ఉంచారు. చుట్టూ సముద్రం ఉండగా వేరే గోడ ఎందుకు అనుకున్నారు కాబోలు! అయినా కొందరు తప్పించుకున్నారు. సముద్రమే గోడ అన్న ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

సైకిలు ముందు ఉత్తరం వైపు తిప్పుదాం. ఆ గడ్డి మైదానం చివర నేల ఒక్కసారిగా తెగిపోయి సముద్రంలోకి దిగుతుంది. ఆ కొండచరియ నిండా గవ్వలే! గుప్పెడు కాదు, బండి కాదు, పొరలు పొరలుగా రాయంతా గవ్వలే. ఇవి సుమారు 29 కోట్ల ఏళ్ల కిందటి శిలాజాలు. గవ్వల సున్నం గట్టిపడి సున్నపురాయి అయింది. 1920లలో దీన్ని తవ్వి సిమెంటు కూడా చేశారు. ఆ పొరల మధ్య అక్కడక్కడా వేరే జాతి రాళ్లు ఇరుక్కుని ఉంటాయి. సముద్రం అడుగున మెత్తని బురదలోకి అంత రాయి ఎలా వచ్చింది? ఆనాడు ఈ ప్రాంతం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. తేలుతూ వచ్చిన మంచుకొండలు కరిగినప్పుడు, వాటిలో చిక్కుకున్న రాళ్లు జారి కింద పడ్డాయి.

ఆ కాలంలో మన దేశమూ ఆస్ట్రేలియా ఒకే మహాఖండంలో భాగాలు. ఆ మహాఖండం పేరు గోండ్వానా. మన ఆదిలాబాదు గోండుల పేరు విన్నారు కదా, ఆ గోండుల సీమ నుంచి వచ్చిన పేరే అది. సింగరేణి బొగ్గు కూడా అదే యుగపు చెట్ల నుంచి తయారైంది. అంటే ఆ గవ్వలూ మన బొగ్గూ దూరపు చుట్టాలన్నమాట.

ఇక సైకిళ్లు పడమటి ఒడ్డు వెంట దక్షిణానికి. ‘రంగు వేసిన కొండలు’ అని అక్కడివాళ్లు పిలిచే చోటికి ఆటుపోటుల వేళ చూసుకుని, సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వెళ్లాలి. పసుపు, నారింజ, ఎరుపు చారలు, వలయాలు! ఎవరూ రంగు వేయలేదు. ఇసుకరాయిలోకి ఇంకిన నీరు ఇనుమును మోసుకొచ్చింది, ఆ ఇనుము తుప్పు పట్టింది. మీ సైకిలు గొలుసుకు పట్టేదీ అదే తుప్పు. రాతిమీద తేనెపట్టులాంటి గుంటలు ఉప్పు పని. అలల తుంపర ఆరినప్పుడు రాతి సందుల్లో ఉప్పు పలుకులు పెరిగి ఇసుక రేణువులను ఊడదోస్తాయి.

సాయంత్రమైతే సైకిలు నెమ్మదిగా నడపండి. బొద్దుగా, పొట్టి కాళ్లతో, చిన్న పందిపిల్లలా అడ్డొచ్చేది వొంబాట్. కంగారూలాగే ఇది కూడా సంచిజీవి. కాని దీని సంచి నోరు వెనక్కి ఉంటుంది. బొరియ తవ్వేటప్పుడు పిల్ల మీద మట్టి పడకుండా ఎంత మంచి ఏర్పాటు! దీని పెంటికలు ఘనాకారంలో ఉంటాయంటే మీరు నవ్వుతారు, కాని నిజం. పేగు గోడ కొన్నిచోట్ల గట్టిగా, కొన్నిచోట్ల మెత్తగా ఉండటంవల్ల మలం ఎండిపోతూ మూలలు తేలుతుందని పరిశోధకులు తేల్చారు.

వొంబాట్లు మొదటినుంచీ ఈ దీవివి కావు. పోటీ, ముప్పు లేని చోట బతుకుతాయని 1960ల చివరి నుంచి ఎన్నో జంతువులను ఇక్కడికి తెచ్చి వదిలారు. నోవా కథలోని ఓడలాగా అన్నమాట. అలా వచ్చినవాటిలో చివరిదాని కథే క్లిష్టమైంది.

టాస్మానియా డెవిల్ పేరు విన్నారా? చిన్న కుక్కంత నల్లని మాంసాహారి. అడవిలో చచ్చిన జంతువులను ఎముకలతో సహా నమిలేసి శుభ్రం చేస్తుంది. 1996లో కొన్ని డెవిల్స్ ముఖాలమీద భయంకరమైన గడ్డలు కనిపించాయి. అది క్యాన్సరు. క్యాన్సరు సాధారణంగా అంటువ్యాధి కాదు, కాని ఇది అంటుతుంది! డెవిల్స్ ఒకదాని ముఖం ఒకటి కొరుక్కుంటాయి, అప్పుడు క్యాన్సరు కణమే ఒక ఒంటినుంచి మరో ఒంటికి మారుతుంది. మరి పరాయి కణాన్ని ఒళ్లు ఎందుకు తరిమేయదు? ప్రతి కణం పైనా గుర్తింపు చీటీల వంటి ప్రోటీన్లు ఉంటాయి. ఈ కణాలు ఆ చీటీలను దాచేస్తాయి. చూస్తుండగానే టాస్మానియాలో డెవిల్స్ సంఖ్య సగానికి పైగా పడిపోయింది.

ఈ జాతే అంతరించిపోతుందేమోనని భయపడి 2012, 2013లలో రోగం లేని 28 డెవిల్స్‌ను మరాయాలో వదిలారు. రోగం ఈదుకుంటూ రాలేదు కదా! సముద్రం మళ్లీ గోడ అయింది, ఈసారి లోపలివాళ్లను బంధించడానికి కాదు, కాపాడటానికి. నాలుగేళ్లలో అవి వందకు చేరువయ్యాయి. కొన్నిటిని పట్టి తిరిగి టాస్మానియాలో వదిలారు కూడా.

కాని ఒడ్డున బొరియల్లో అడుగు ఎత్తుండే చిన్న పెంగ్విన్లు ఉండేవి, సుమారు మూడు వేల జంటలు. నేలమీద వాటిని వేటాడే అంత పెద్ద జంతువు ఆ దీవిలో ఉండేది కాదు. ఎగరలేని పక్షి, నేలలో గూడు! 2021లో పక్షి పరిశీలకులు లెక్క చూసి, దీవిలో పెంగ్విన్లు మిగల్లేదని ప్రకటించారు. గోడ దూకి రోగం రాలేదు సరే, ఆ గోడ లోపల పెంగ్విన్లకు తలదాచుకునే చోటు లేకపోయింది.

ఈ సంగతి మా తొమ్మిదో తరగతిలో చెబితే, వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, “పెంగ్విన్లను అడిగారా సార్?” అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. చిన్న పెంగ్విన్లు ఆస్ట్రేలియా, న్యూజీలాండు తీరాల్లో ఇంకా చాలానే ఉన్నాయి, డెవిల్ మాత్రం అడవిలో టాస్మానియాలో తప్ప ఎక్కడా లేదు అని చెప్పాను. “ఉన్నాయి గాని, అక్కడివి లేవుగా!” అంది. పక్షులను తెచ్చి వదిలితే మళ్లీ డెవిల్స్ తింటాయి. డెవిల్స్‌ను తీసేస్తే వాటికి మరో చోటు చూడాలి. పీరియడు అయిపోయినా ఆ వాదన తెగలేదు.

చివరి లాంచీ సాయంత్రం వెళ్లిపోతుంది. ఉండదలచినవారు పాత జైలు గదుల్లోనే పడుకోవచ్చు. చీకటి పడ్డాక అడవిలోంచి ఒళ్లు జలదరించే కేకలు వినవస్తే హడలిపోకండి. డెవిల్స్ తిండి దగ్గర పోట్లాడుకుంటున్నాయి.