సమంగా పంచే గేర్లు

పాత అంబాసిడర్ ముందు చక్రాలకు అడ్డాలు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, బండిని గేరులో ఉంచండి. ఇప్పుడు ఒక వెనక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. పాలిటెక్నిక్ పిల్లలకు ఇది చూపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: ఒకే ఇంజను తిప్పే రెండు చక్రాలు ఎదురెదురుగా ఎలా తిరుగుతాయి? దీనికి జవాబు దొరికితే డిఫరెన్షియల్ అర్థమైనట్టే. అది అరిగిపోయినప్పుడు ఏం మార్చాలో, దేని జోలికి పోకూడదో కూడా అక్కడే తెలుస్తుంది.

బండి యూ టర్న్ తీసుకుంటే బయటి చక్రం లోపలి చక్రం కన్నా నాలుగు మీటర్లకు పైగా ఎక్కువ దూరం వెళ్లాలి. మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ తేడా మారదు. చక్రాల మధ్య ఎడం, బండి తిరిగిన కోణం, ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే ఆ నాలుగు మీటర్లూ టైరు రోడ్డును గీరుకుంటూ పోవాల్సిందే.

ఈ చిక్కును 1820ల చివర్లో పారిస్‌లో ఒనెసిఫోర్ పెకర్ ఆవిరి బండి కోసం గేర్లతో విప్పాడు. ఇంగ్లండులోని కొవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1877లో మళ్లీ అదే పరిష్కారానికి వచ్చాడు. ఆయనా ఆయన కొడుకూ పక్కపక్కన కూర్చుని చెరో చక్రాన్ని తొక్కే సైకిలు బండిలో, కొడుకు బలంగా తొక్కడంతో బండి పక్కకు లాగేసిందని, అక్కడే ఆయనకు ఆలోచన తట్టిందని చెబుతారు.

లోపలి ఏర్పాటు చూడండి. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర టెయిల్ పినియన్, అది తిప్పే పెద్ద క్రౌన్ వీల్. క్రౌన్ నేరుగా ఏ చక్రాన్నీ తిప్పదు. దానికి బిగించిన గూడులో ఒక అడ్డ పిన్ను, ఆ పిన్ను మీద వదులుగా తిరిగే చిన్న స్టార్ గేర్లు ఉంటాయి. వాటికి ఇటూ అటూ పళ్లు కలిపి రెండు సన్ గేర్లు, ఒక్కొక్కదాని నుంచి ఒక్కో చక్రానికి యాక్సిల్.

స్టార్ గేరును కావడి బద్ద అనుకోండి. పిన్ను భుజం, రెండు సన్ గేర్లు రెండు కుండలు. భుజం ముందుకు నెడితే రెండు వైపులా సమానమైన బలం పడుతుంది. ఒక కుండ కాస్త వెనకబడితే రెండోది అంతే ముందుకు పోతుంది, భుజం మాత్రం ఎప్పుడూ నడిమధ్యనే. క్రౌన్ నిమిషానికి 400 చుట్లు తిరుగుతుండగా మలుపులో లోపలి చక్రం 380కి తగ్గితే బయటిది 420కి పెరుగుతుంది. కూడితే ఎప్పుడూ 800, అంటే క్రౌన్ వేగానికి రెట్టింపు. స్టాండ్ల మీద ఉన్న బండిలో క్రౌన్ ఆగి ఉంది కాబట్టి మొత్తం సున్నా కావాలి. అందుకే ఒక చక్రం ముందుకు పోతే రెండోది వెనక్కి. వేగంలో చక్రాలకు స్వేచ్ఛ, బలంలో సమానత్వం: ఒక్క చిన్న గేరు ఈ రెండూ చేయడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

బురదలో డిఫరెన్షియల్ బలహీనతకూ మూలం ఈ సమానత్వమే. జారే చక్రం దగ్గర ఆనిక లేదు. దానికి ఎంత తక్కువ బలం చేరుతుందో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే చేరుతుంది. ఒకటి గిర్రున తిరుగుతుంది, రెండోది కదలదు.

ఇక అరుగుదల. యాక్సిలరేటర్ తొక్కితే ఊళ, వదిలేస్తే ఆగిపోవడం క్రౌన్, పినియన్ల పళ్ల గోల. మలుపుల్లోనే శబ్దం వస్తే స్టార్ గేర్లు, వాటి వాషర్లు చూడాలి. బండి కదిలేటప్పుడు ‘టక్’మంటే ముందు షాఫ్టు జాయింట్లు చూడండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

అంబాసిడర్‌లో ఉన్నది హైపాయిడ్ రకం. పినియన్ క్రౌన్ నడిమధ్యకు కాక కొంచెం కిందికి తగులుతుంది. 1920లలో గ్లీసన్ కంపెనీ ఈ పళ్లు కోసే పద్ధతి తెచ్చింది, ప్యాకార్డ్ కార్లు వాటిని వాడాయి. షాఫ్టు కిందికి దిగింది, బండి నేలకు దగ్గరైంది. అయితే ఈ పళ్లు ఒకదాని మీద ఒకటి బలంగా జారుతాయి. మామూలు నూనె పొర తెగిపోతుంది, గంధకపు రసాయనాలు కలిపిన హైపాయిడ్ ఆయిలే పోయాలి.

క్రౌన్, పినియన్‌లను కలిపి నూరి జతగా అమ్ముతారు. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే ఊళ ఖాయం. జత వేశాక అసలు పని షిమ్‌లది, అంటే పినియన్‌ను ముందుకూ వెనక్కీ జరిపే పలుచని రేకులది. పళ్లకు మార్కింగ్ రంగు పూసి తిప్పితే ఆనిన చోట మచ్చ పడుతుంది. మచ్చ పంటి కొన దగ్గర పడితే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదట్లో పడితే మరీ లోపలికి పోయినట్టు. మచ్చ మధ్యకు వచ్చేదాకా విప్పి మళ్లీ బిగించాలి. పళ్ల మధ్య ప్లే డయల్ గేజీతో చూసుకోవాలి. అది మిల్లీమీటరులో పదో వంతుల లెక్క. ఓపిక లేని చేతిలో కొత్త జత కూడా వారంలో అరుస్తుంది.

ఇంత శ్రమపడుతున్నాం కదా, జారని రకం వేయించుకుందామా అని చాలామంది అడుగుతారు. 1930లలో ఆటో యూనియన్ రేసు కార్లు, 1958లో వెర్నన్ గ్లీస్‌మన్ టోర్సెన్ డిఫరెన్షియల్, ఇప్పటి ఎలక్ట్రానిక్స్ ఆ దారిలోనే వచ్చాయి. నేటి కార్లు చాలావరకు జారే చక్రానికి తమంతట తాము బ్రేకు వేస్తాయి. ఆనిక లేని వైపు ఆ బ్రేకే ఆనిక అవుతుంది, రెండో వైపుకూ బలం చేరుతుంది. అంబాసిడర్ బురదలో దిగబడితే హ్యాండ్‌బ్రేకు కొద్దిగా లాగి మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి, సూత్రం అదే. రోడ్డు మీద తిరిగే పాత బండికి ఇది చాలు. జారని రకానికి పెట్టే డబ్బు మంచి బేరింగులకు, కొత్త వాషర్లకు, సరైన నూనెకు పెట్టండి. కొత్త జత వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకుండా నడిపి నూనె మార్చండి. పళ్లు కుదురుకునేటప్పుడు రాలిన లోహపు పొడి దానితోపాటే బయటికి పోతుంది.