విండో సీట్ కుషన్: కిటికీ సీటుకు కుషన్ కుట్టిస్తున్నారా? ఎత్తు లెక్క తప్పితే ప్రమాదమే!

కొత్త ఫ్లాట్లలో, సొంత ఇళ్లలో ఇప్పుడు విండో సీట్ బాగా కనిపిస్తోంది. కిటికీ కింద గోడకు కలిపి గ్రానైట్ పలకతోనో ప్లైవుడ్ పెట్టెతోనో సీటు కట్టించుకుంటున్నారు. ఒకప్పుడు వీధి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టే, ఇప్పుడు ఇక్కడ కాఫీ తాగుతూ వాన చూస్తున్నారు. సీటు కట్టడం అయిపోయాక మిగిలేది కుషనే. చాలామంది దీన్ని చిన్న పని అనుకుని, సోఫాకు వేసే ఫోమ్ ముక్కే తెచ్చి వేసేస్తారు. కానీ సోఫా మీద నేరుగా ఎండ పడదు, వాన జల్లు కొట్టదు, దాని వెనక కిటికీ ఉండదు. అందుకే ఈ కుషన్ లెక్క వేరు.

ముందుగా ఎత్తు చూడాలి

మామూలు డైనింగ్ కుర్చీ సీటు నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కుషన్‌తో కలిపి విండో సీట్ కూడా దాదాపు అంతే ఉంటే కాళ్లు నేలకు ఆనతాయి. ఇంకా కట్టించకపోతే కట్టడాన్ని 14, 15 అంగుళాల దగ్గర ఆపమని మేస్త్రీకి చెప్పండి. కట్టడమే 18 అంగుళాలు ఉంటే, దానిపై 4 అంగుళాల కుషన్ వేస్తే 22 అవుతుంది. ఇంట్లో పొట్టిగా ఉన్నవాళ్లకు, పెద్దవాళ్లకు కాళ్లు వేలాడతాయి. అలాంటి చోట 2 అంగుళాల గట్టి ఫోమ్‌తో సరిపెట్టుకోవాలి.

అంతకంటే ముఖ్యమైంది పిల్లల భద్రత. కుషన్ ఎంత మందం ఉంటే, కిటికీ అడ్డు అంత తగ్గినట్టే. ఉదాహరణకు కిటికీకి పూర్తి గ్రిల్ లేదు, సీటు నుంచి 30 అంగుళాల ఎత్తులో రెయిలింగ్ మాత్రమే ఉంది అనుకుందాం. 4 అంగుళాల కుషన్ వేయగానే అది 26 అంగుళాలకు పడిపోతుంది. మూడేళ్ల పిల్లల ఎత్తు సుమారు 37 అంగుళాలు. కుషన్ మీద నిలబడితే రెయిలింగ్ ఛాతీ దగ్గరే ఆగిపోతుంది. దిండు మీద ఎక్కితే ఇంకా కిందికి వస్తుంది.

మొదటి అంతస్తు, ఆ పైన ఉన్న ఇళ్లలో చిన్నపిల్లలు ఉంటే కిటికీకి పూర్తి గ్రిల్ ఉన్నాకే కుషన్ వేయించండి. గ్రిల్ సందులు 4 అంగుళాల కంటే తక్కువ ఉండాలి. అడ్డ కమ్మీలు ఉంటే పిల్లలు వాటిని మెట్లలా ఎక్కేస్తారు, కాబట్టి నిలువు కమ్మీలే మేలు. దోమల మెష్‌ను మాత్రం అడ్డుగా లెక్కేయొద్దు. పిల్లల బరువు పడితే అది ఊడిపోతుంది. బ్లైండ్స్ తాడు సీటు మీదికి వేలాడకుండా పైకి కట్టేయండి, అది మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

కొలత మూడు చోట్ల తీయాలి

గోడకు గోడకు మధ్య దూరం అన్ని చోట్లా ఒకేలా ఉంటుందనుకుంటే పొరపాటే. ప్లాస్టరింగ్‌లో అర అంగుళం తేడా మామూలే. వెనక, మధ్యలో, ముందు టేపు పెట్టి కొలవండి. తక్కువ వచ్చిన కొలతనే తీసుకుని, అందులోంచి పావు అంగుళం తగ్గించండి. బే విండోలా మూలలు ఏటవాలుగా ఉంటే టేపును నమ్ముకోవద్దు. పాత న్యూస్ పేపర్లు అతికించి సీటు మీద పరిచి, అంచుల వెంట కత్తిరించి ఆ నమూనానే షాపుకు తీసుకెళ్లండి. ఏది పై వైపో దాని మీద రాయడం మరిచిపోవద్దు.

సీటు కింద సామాన్ల అర ఉండి, మూత పైకి తెరిచేదైతే ఒకే పొడవు కుషన్ వద్దు. మూత ఎక్కడ విడిపోతుందో అక్కడే కుషన్ కూడా రెండు, మూడు ముక్కలుగా ఉంటే ప్రతిసారీ అంతా ఎత్తాల్సిన పని ఉండదు.

ఫోమ్‌ను కాటా మీద పెట్టండి

షాపులో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు ఉంటుందో చెప్పే అంకె ఇది. డెన్సిటీ ఎక్కువైతే గట్టిగా ఉంటుందని కాదు, ఎక్కువ కాలం మన్నుతుందని అర్థం. గట్టిదనాన్ని విడిగా నొక్కి చూసుకోవాలి.

డెన్సిటీ నిజమో కాదో తేల్చుకోవడం కష్టమేం కాదు. 60 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ముక్క 32 డెన్సిటీదైతే దాదాపు రెండున్నర కిలోలు తూగాలి. 40 డెన్సిటీదైతే మూడు కిలోల పైచిలుకు ఉండాలి. రెండు కిలోలు కూడా రాలేదంటే మీకు చెప్పిన సరుకు, ఇచ్చిన సరుకు ఒకటి కాదు. అలాంటి ఫోమ్ కొన్ని నెలలకే అణిగిపోయి, కూర్చుంటే కింద గ్రానైట్ తగులుతుంది.

రోజూ కూర్చునే సీటుకు 40 డెన్సిటీ మంచిది. కింద రెండు, మూడు అంగుళాల రీబాండెడ్ ఫోమ్, పైన ఒక అంగుళం మెత్తటి ఫోమ్ అతికించినా బాగుంటుంది. కాకపోతే రీబాండెడ్ బరువు ఎక్కువ, పై లెక్క దానికి వర్తించదు. బూరుగు దూది చల్లగా ఉంటుంది కానీ కూర్చునేకొద్దీ ఉండలు కడుతుంది. దాన్ని వీపు వెనక దిండ్లకు వాడుకోండి.

ఎండకు ఏ గుడ్డ ఆగుతుంది?

పడమర కిటికీ అయితే మధ్యాహ్నం ఎండ నేరుగా సీటు మీదే పడుతుంది. ముదురు రంగు కాటన్, సహజ రంగుల కలంకారీ అక్కడ వెలిసిపోతాయి, సిల్క్ అయితే చివికిపోతుంది. అలాంటి చోట లేత రంగు పాలిస్టర్ ఫర్నిషింగ్ గుడ్డ గానీ, బయట వాడకానికి తయారయ్యే యాక్రిలిక్ గుడ్డ గానీ తీసుకోండి. రెక్సిన్ వానకు బాగుంటుంది, మన వేసవిలో మాత్రం ఒంటికి అంటుకుపోతుంది. ఎండ తక్కువగా పడే ఉత్తరం కిటికీకి చేనేత కాటన్ హాయిగా ఉంటుంది. కుషన్ మీద వరంగల్ జంపఖానా పరిస్తే మాసినప్పుడు అదొక్కటే ఉతుక్కోవచ్చు.

అనుమానం ఉంటే చిన్న పరీక్ష చేయండి. గుడ్డ ముక్క తెచ్చి సగం అట్టతో కప్పి రెండు వారాలు కిటికీలో పెట్టండి. రెండు సగాల మధ్య రంగు తేడా వస్తే అది మీ కిటికీకి పనికిరాదు.

గుడ్డ ఎంత కావాలి?

60, 20, 4 అంగుళాల కుషన్‌కు పైన, కింద చెరో ముక్క. కుట్టుకు ప్రతి వైపూ అర అంగుళం కలిపితే ఒక్కోటి 61, 21 అంగుళాలు. 54 అంగుళాల పన్నా గుడ్డలో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. మిగిలిన 12 అంగుళాల్లో ముందు, పక్కల పట్టీలు సరిపోతాయి. వెనక జిప్పు పట్టీలు కూడా కలుపుకుని రెండుంపావు మీటర్లు తీసుకోండి. పైపింగ్ కావాలంటే, పెద్ద డిజైన్ కలపాలంటే మరికాస్త ఎక్కువ. కాటన్ అయితే కత్తిరించే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టాలి, లేదంటే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి కవర్ ఎక్కదు.

జిప్పు వెనక వైపు మొత్తం ఉండి, రెండు మూలలూ తిరిగి పక్కలకు మూడేసి అంగుళాలు రావాలని టైలర్‌కు చెప్పండి. చిన్న జిప్పు వేస్తే ఫోమ్ లోపలికి దూర్చేటప్పుడే కుట్లు తెగుతాయి.

వానాకాలంలో జాగ్రత్త

ఫోమ్ నీళ్లు పీల్చిందంటే లోపల ఆరడానికి రోజులు పడుతుంది, ఈలోగా బూజు వాసన మొదలవుతుంది. స్లైడింగ్ కిటికీల కింది ట్రాక్‌లో నీళ్లు బయటికి పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ముతో అవి మూసుకుపోతే ట్రాక్ నిండి, నీళ్లు సీటు మీదికి పొర్లుతాయి. వానలకు ముందే పుల్లతో శుభ్రం చేసి, చెంబుడు నీళ్లు పోసి చూడండి. గ్రానైట్ సీటు అయితే వారానికోసారి కుషన్‌ను నిలబెట్టి అడుగున గాలి తగలనివ్వండి.

కుషన్ ఇంటికి వచ్చిన రోజే టేపు తీసుకుని, కుషన్ పై నుంచి రెయిలింగ్ దాకా మళ్లీ ఒకసారి కొలవండి. పిల్లలున్న ఇంట్లో ఆ అంకె తక్కువ అనిపిస్తే, గ్రిల్ బిగించేదాకా కుషన్‌ను పక్కన పెట్టి, కిటికీకి గొళ్లెం వేసే ఉంచండి.