చాటు పానశాల – దాని గది యలంకారము

పెద్ద నగరములలో నిప్పుడొక వింత పానశాల ప్రబలుచున్నది. వీథిలో దానికి బోర్డుండదు. పుస్తకముల బీరువాను ప్రక్కకు త్రోసినచో లోపల గది కనుపించును. అర్ధరాత్రి దాటువఱకు నందు కాక్టెయిలు, అనగా మద్యమున పండ్లరసములు మొదలగునవి కలిపిన పానీయము, అమ్ముదురు. అట్టిచోటి ముచ్చట మనకెందుకని సోదరీమణులు ముఖము త్రిప్పుకొనవలదు. ఆ గది యెవరి కన్నుగప్పుటకు కట్టబడినదో కొంచెము విచారింపుడు.

అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధ ముండెను. నాటి చాటుదుకాణముల యేర్పాటంతయు పోలీసువారి భయమునుండి పుట్టినదే. న్యూయార్కునందలి ‘ట్వెంటీవన్’ అను పానశాలలో మీట త్రిప్పగానే అరలు వంగి సీసాలన్నియు క్రిందికి జారిపోయెడివి. నేలమాళిగలో రెండున్నర టన్నుల తలుపు గోడలో కలిసిపోయి యుండెడిది. సందులో సన్నని యినుపచువ్వ దూర్చిననే గాని యది తెఱచుకొనదు. ఇప్పుడా భయము లేకున్నను తలుపును మాత్ర మట్లే దాచుచున్నారు.

లోపలి పనితన మింకను చిత్రము. మొదట చీకటి నడవ; అందు నడచుచుండగనే కన్ను మసక వెలుతురున కలవాటుపడును. గదికి కిటికీ లేదు, గోడకు గడియారము లేదు. కావున ప్రొద్దు తెలియదు. దీపములు బల్లల యెత్తున పసుపుకాంతితో వెలుగును. ముఖముపై ముడతలు కానరావు. సీసాల వెనుక నిలువుటద్దముండుటచే పది సీసాలు ఇరువదిగా దోచును. ఎత్తైన వీపుగల ఆసనములు ప్రక్కవారిని మఱుగుపఱచును. మఖమలు ధ్వనిని మ్రింగును. ఈ దీపకళను మాత్రము మేము నిందింపము. పడకటింట నడినెత్తిన ట్యూబులైటు మండించుకొను మనవారు దీని నించుక నేర్చినను మేలే.

మన జిల్లాల పనితన మిట్టి గదుల కెంతయో నప్పును. బుడితి యిత్తడి దీపములు, వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి నేసిన పొందూరు ఖద్దరు తెరలు! అయినను మద్యమును మానుడని చాటిన గాంధీమహాత్ముని పేరు తలపునకు దెచ్చు ఖద్దరును పానశాలకు తెరగా గట్టుటకు మాకు చేయి రాదు.

విజయనగరమువారికి రాత్రిచాటు క్రొత్తగాదు. గురజాడవారి కన్యాశుల్కమున మధురవాణి యింట తలుపు చప్పుడుకాగా రామప్పంతులు మంచము క్రింద దూరును. పిదప గిరీశమును అచ్చటికే చేరును. పూటకూళ్లమ్మ చీపురుతో వచ్చిన పిదప ఆ చాటు ఎంతసేపు నిలిచినదో చదివినవారెఱుగుదురు.

నెల్లూరుజిల్లా దూబగుంట మొదలగు పల్లెల స్త్రీలు 1992 ప్రాంతమున సారాదుకాణముల నెదిరించి లేచిరి. 1993లో సారాయి, 1995 జనవరి 16న మద్యమంతయు రాష్ట్రమున నిషేధింపబడెను. 1997లో మద్యనిషేధమును సడలించిరి. పల్లెలలో నేటికిని తలయెత్తు చాటు పానశాల బెల్టుషాపు. కిరాణాకొట్టు వెనుక చీకటిగది, బల్ల, ప్లాస్టికు గ్లాసులు. శిల్పి అక్కఱలేకయే యిక్కడను కిటికీ లేదు, గడియారము లేదు. అప్పుల పద్దుపుస్తకము మాత్రము కలదు. అది తీరునది వారాంతపు కూలిడబ్బుతో. అదియు చాలనప్పుడు ఇల్లాలి చెవికమ్మలతో.