యూనిట్ – 9: పరిశోధనలో పాల్గొనేవారి నమోదు – ఎలక్ట్రానిక్ సమాచార సేకరణ సాధనాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఎలక్ట్రానిక్ సమాచార సేకరణ సాధనాలు నమోదు పనిలో ఎలా తోడ్పడతాయో వివరించగలుగుతారు.
• నమోదులోని దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• లింకు ద్వారా జరిగే నమోదులో ఏర్పడే పక్షపాతాన్ని లెక్కకట్టి చూపగలుగుతారు.
• నిజమైన సమ్మతికీ, ఫారం మీది సంతకానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

9.1 ప్రస్తావన

గత యూనిట్‌లో ప్రశ్నావళి తయారీ గురించి తెలుసుకున్నారు. ప్రశ్నావళి సిద్ధమైన తరువాత, దానికి ఎవరు జవాబులు చెప్పాలి, వారిని ఎలా కలుసుకోవాలి అనే ప్రశ్నలు వస్తాయి. అధ్యయనంలో పాల్గొనడానికి అర్హులైన వారిని గుర్తించి, విషయం వివరించి, వారి సమ్మతితో చేర్చుకోవడాన్ని 'నమోదు' అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సంగారెడ్డి జిల్లాలో, ముంబయి జాతీయ రహదారి మీద పటాన్‌చెరుకూ సంగారెడ్డికీ మధ్య రుద్రారం ఉంది. చుట్టూ పరిశ్రమలు, పాశమైలారం పారిశ్రామిక ప్రాంతం కూడా దగ్గరే. ఇక్కడ స్థానికులతో పాటు ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు కూడా షిఫ్టుల్లో పనిచేస్తారు. 'రాత్రి షిఫ్టు కార్మికుల నిద్ర మీద ఎలాంటి ప్రభావం చూపుతుంది?' అనే ప్రాజెక్టును మీరు ఎంచుకున్నారనుకుందాం. ఈ యూనిట్ అంతటా ఈ ఊహాత్మక ప్రాజెక్టునే ఉదాహరణగా వాడుకుందాం.

9.2 సాధనాలు – వాటి పని

కాగితం మీద కాక ఫోన్, ట్యాబ్లెట్ లేదా కంప్యూటర్ ద్వారా వివరాలను నేరుగా నమోదు చేసే సాఫ్ట్‌వేర్లను ఎలక్ట్రానిక్ సమాచార సేకరణ సాధనాలు అంటారు. వీటిలో మూడు బాగా ప్రసిద్ధమైనవి.

రెడ్‌క్యాప్: అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో 2004లో రూపొందింది. దీన్ని సంస్థలు ఒప్పందం చేసుకుని వాడాలి. లాభాపేక్ష లేని సంస్థలకు రుసుము లేదు. విద్యార్థి విడిగా తీసుకోవడానికి వీలుండదు.

ఓడీకే: వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైంది. నెట్ లేనిచోట కూడా ఫోన్‌లో ఫారం నింపి, సిగ్నల్ అందిన తరువాత పంపవచ్చు.

కోబో టూల్‌బాక్స్: ఓడీకే పద్ధతి మీదే ఆధారపడినది. చిన్న ప్రాజెక్టులకు విద్యార్థులు కూడా ఖాతా తెరిచి వాడుకోవచ్చు.

ఈ సాధనాలు నమోదులో ప్రధానంగా నాలుగు పనులు చేస్తాయి. మొదటిది, లింకు లేదా క్యూఆర్ కోడ్ ద్వారా ఫారాన్ని చేరవేయడం. రెండవది, ఇచ్చిన జవాబును బట్టి తరువాతి ప్రశ్నను చూపడం. ఉదాహరణకు 'వయస్సు 18 ఏళ్ల లోపు' అని జవాబిస్తే ఫారం అక్కడే ముగుస్తుంది. మూడవది, ఒకే ఫారాన్ని వేర్వేరు భాషల్లో చూపడం. నాలుగవది, ఫారం ఎప్పుడు అందిందో తేదీ, సమయంతో భద్రపరచడం. రెడ్‌క్యాప్‌లో అయితే ఏ ఖాతా నుంచి ఏ మార్పు జరిగిందనే చిట్టా కూడా ఉంటుంది.

9.3 నమోదులోని దశలు

1. జాబితా: అధ్యయన పరిధిలోకి వచ్చే వారందరి జాబితా. దీన్ని ప్రతిచయన చట్రం అంటారు.
2. సంప్రదింపు: జాబితాలోని వారికి విషయం తెలియజేయడం.
3. అర్హత పరిశీలన: వయస్సు, షిఫ్టు, పనిచేసిన కాలం వంటి రెండు మూడు ప్రశ్నలు.
4. సమ్మతి: అధ్యయన ఉద్దేశం, పట్టే సమయం, ఎప్పుడైనా తప్పుకునే హక్కు వివరించి ఒప్పుకోలు తీసుకోవడం.
5. చేరిక: గుర్తింపు సంఖ్య ఇచ్చి అసలు ప్రశ్నావళి ప్రారంభించడం.

ప్రతి దశలో ఎంతమంది మిగిలారో, ఎంతమంది ఎందుకు తప్పుకున్నారో రాసి ఉంచాలి. చాలామంది విద్యార్థులు చివరి సంఖ్య ఒక్కటే నివేదికలో రాస్తారు. అది సరిపోదు, ఎందుకో తరువాతి భాగం చూపుతుంది.

9.4 లింకు ఎవరికి చేరింది?

రుద్రారం ప్రాజెక్టుకు తిరిగి వద్దాం. ఈ కింది సంఖ్యలు లెక్క నేర్చుకోవడానికి తీసుకున్నవి మాత్రమే.

మీ జాబితాలో 200 మంది ఉన్నారు: పగటి షిఫ్టు 100, రాత్రి షిఫ్టు 100. పగటి వారిలో 20 మందికి, రాత్రి వారిలో 60 మందికి నిద్ర సమస్య ఉంది. అంటే 200 మందిలో 80 మందికి, 40 శాతం. ఇది వాస్తవ స్థితి. మీకు ఇంకా తెలియదు.

మీరు వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టారు. పగటి షిఫ్టు నుంచి 60 మంది, రాత్రి షిఫ్టు నుంచి 20 మంది ఫారం నింపారు. రాత్రి పనిచేసిన మనిషి పొద్దున గదికి వచ్చి పడుకుంటాడు. కొన్ని గదుల్లో ఒకే ఫోన్‌ను ఇద్దరు ముగ్గురు వాడుకుంటారు. లింకు తెలుగులోనే ఉంటే ఒడియా మాట్లాడే వ్యక్తి దాన్ని తెరవడు.

వచ్చిన జవాబుల్లో సమస్య ఉన్నవారు: పగటి 60 మందిలో 12, రాత్రి 20 మందిలో 12. మొత్తం 80 మందిలో 24 మంది, అంటే 30 శాతం. వాస్తవం 40 శాతం. సాధనం ఒక్క తప్పు కూడా చేయలేదు. ప్రతి జవాబూ సరిగ్గానే నమోదైంది. అయినా ఫలితం తప్పింది, ఎందుకంటే సమస్య ఎక్కువగా ఉన్నవారే ఫారంలో తక్కువగా ఉన్నారు. దీన్ని ఎంపిక పక్షపాతం అంటారు.

జాబితాలో షిఫ్టుల వివరం ఉంటే దీన్ని సరిదిద్దవచ్చు. రెండు షిఫ్టుల వారూ చెరి సగం కాబట్టి, 20 శాతానికీ 60 శాతానికీ సమాన భారం ఇస్తే 40 శాతం వస్తుంది. కానీ రాత్రి షిఫ్టులో ఫారం నింపని 80 మంది, నింపిన 20 మంది లాంటివారే అయితేనే ఈ సవరణ నమ్మదగినది. బాగా అలసిపోయినవారే తప్పుకుని ఉంటే ఏ భారమూ ఆ లోటు తీర్చదు. అందుకే లింకుతో ఆగకుండా, ట్యాబ్లెట్ తీసుకుని సాయంత్రం, షిఫ్టుకు బయలుదేరే ముందు, గదుల దగ్గరికి వెళ్లడం అవసరం.

9.5 సమ్మతి: ఖమ్మం అనుభవం

గదులకు తిరగడం కష్టమనిపించి, 'లింకును సూపర్‌వైజర్‌కు ఇస్తే ఒక్క రోజులో అందరితో నింపిస్తాడు కదా' అనే ఆలోచన మీకు రావచ్చు. ఆ దారి పట్టే ముందు ఖమ్మంలో జరిగింది తెలుసుకోవాలి.

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చే ప్రదర్శనా ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం ఇందులో భాగస్వాములు. కొందరు బాలికల మరణాలు వెలుగులోకి రావడంతో 2010 ఏప్రిల్‌లో దీన్ని నిలిపివేశారు. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణ సంఘం తేల్చలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరులో లోపాలను ఎత్తి చూపింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు.

అవి కాగితపు ఫారాలు. ట్యాబ్లెట్లు ఉండి ఉంటే ఏమయ్యేది? తేదీ, సమయం కచ్చితంగా నమోదయ్యేవి. కానీ తెర మీద వేలు పెట్టింది తల్లిదండ్రులా, వార్డెనా అన్నది సాధనానికి తెలియదు. రుద్రారంలో సూపర్‌వైజర్ స్థానం కూడా అలాంటిదే. కార్మికుడి పని ఆయన చేతిలో ఉన్నప్పుడు, ఆయన పంపిన లింకుకు 'వద్దు' అనడం కష్టం. కాదనే వీలు లేని చోట ఇచ్చిన ఒప్పుకోలు సమ్మతి కాదు.

కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి:
• కార్మికుడితో నేరుగా, ఆయన భాషలో, యాజమాన్యం వారు లేనిచోట మాట్లాడండి.
• చదవలేనివారికి ఫారం చదివి వినిపించండి. పక్కన తటస్థ సాక్షి ఉండాలి.
• 'పాల్గొనను' అనే బటన్ 'పాల్గొంటాను' అంత స్పష్టంగా ఉండాలి.
• ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు కాదన్నారో సూపర్‌వైజర్‌కు తెలియకూడదు.

9.6 గోప్యత

పేరు, ఫోన్ నంబరు ఉన్న ఫైలును, జవాబులున్న ఫైలును వేరుగా ఉంచండి. రెండింటినీ కలిపేది గుర్తింపు సంఖ్య మాత్రమే. ఆ ఫోన్ నంబర్లను మరో పనికి వాడరాదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు మన దేశంలో 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. మనుషుల మీద చేసే ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి నైతిక మార్గదర్శకాల ప్రకారం ముందుగా నైతిక సంఘం అనుమతి ఉండాలి. అనుమతి రాకముందే లింకు పంచడం తప్పు.

9.7 సారాంశం

ఎలక్ట్రానిక్ సాధనాలు నమోదును వేగంగా, క్రమంగా సాగేలా చేస్తాయి. అయితే లింకు అందరికీ సమానంగా చేరదు. ప్రతి దశలోని సంఖ్యలను రాసి ఉంచితేనే ఆ లోటు కనిపిస్తుంది. సమ్మతిని సాధనం భద్రపరచగలదు, కానీ అది స్వేచ్ఛగా ఇచ్చినదో కాదో చూసుకోవలసిన బాధ్యత పరిశోధకుడిదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నమోదులోని ఐదు దశలను వరుసగా రాయండి.
2. 9.4లోని ఉదాహరణలో రాత్రి షిఫ్టు నుంచి 20 మందికి బదులు 40 మంది ఫారం నింపి, వారిలో 24 మందికి సమస్య ఉంటే మొత్తం శాతం ఎంత? (జవాబు: 100 మందిలో 36, అంటే 36 శాతం.)

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. లింకు ద్వారా జరిగే నమోదులో ఎంపిక పక్షపాతం ఎలా ఏర్పడుతుందో సోదాహరణంగా వివరించండి.
2. ఖమ్మం అనుభవం ఆధారంగా, ఎలక్ట్రానిక్ సమ్మతి పరిమితులను చర్చించండి.
3. మీ ప్రాంతంలోని ఏదైనా ఒక వృత్తి సమూహాన్ని ఎంచుకుని, వారిలో లింకు చేరనివారు ఎవరో గుర్తించి, వారిని కలుసుకునే పద్ధతిని రాయండి.