వృత్తి – ప్రవృత్తి: నడివయసు వృత్తిమార్పునకు గిడుగు రామమూర్తి జీవితం ఒక నిదర్శనం

అధ్యయన సంగ్రహం:
నడివయసులో వృత్తి మారడమంటే గడిచిన జీవితంతో తెగతెంపులు చేసుకోవడమేనన్న భావన బలంగా ఉంది. మూడు దశాబ్దాలు అధ్యాపకుడిగా పనిచేసి, ఆ తరువాత పూర్తికాలం భాషాసేవకు అంకితమైన గిడుగు వెంకట రామమూర్తి జీవితం ఈ భావనను సమర్థించదు. తొలి వృత్తిలో అలవడిన పద్ధతే మలి వృత్తికి మూలధనమైన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: వృత్తి, ప్రవృత్తి, నడివయసు, గిడుగు రామమూర్తి, సవర భాష, వ్యావహారిక భాషోద్యమం.

1. ఉపోద్ఘాతం:
జీవనాధారమైన పనిని వృత్తి అనీ, మనసు సహజంగా మొగ్గే పనిని ప్రవృత్తి అనీ తెలుగులో వ్యవహరిస్తాం. నడివయసు వృత్తిమార్పును అర్థం చేసుకోవడానికి ఈ జంటపదాలు ఎంతో ఉపకరిస్తాయి. ఇటువంటి మార్పు స్థూలంగా మూడు విధాలు. మగ్గం కూడు పెట్టక నేతగాడు కూలిపనికి వెళ్లడం విధిలేని మార్పు. 1921లో టంగుటూరి ప్రకాశం న్యాయవాదవృత్తిని వదిలి ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించడం కాలం ఇచ్చిన పిలుపునకు స్పందనగా వచ్చిన మార్పు. ప్రవృత్తి క్రమంగా ఎదిగి వృత్తి స్థానాన్ని ఆక్రమించడం మూడవది. రామమూర్తి జీవితం ఈ కోవకు చెందుతుంది.

2. ఉద్యోగంలోనే మొలకెత్తిన అన్వేషణ:
1863 ఆగస్టు 29న జన్మించిన రామమూర్తి బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. విజయనగరంలో మెట్రిక్యులేషన్ ముగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు, చరిత్రను బోధించారు. ఆ వృత్తి ఆయనను తరగతిగదికే పరిమితం చేయలేదు. సమీపంలోని శ్రీముఖలింగం ఆలయ శాసనాలను స్వయంగా చదివి పరిశోధించారు. పర్లాకిమిడి పరిసరాల కొండలలో నివసించే సవరల భాషను, ఆ భాష తెలిసినవారిని ఇంట ఉంచుకొని నేర్చుకున్నారు. ముండా కుటుంబానికి చెందిన ఈ భాషకు అప్పటికి లిపి లేదు. కనుక గ్రంథాల ద్వారా కాక, జనుల నోట వినడం ద్వారానే దానిని గ్రహించవలసి వచ్చింది.

3. పద్ధతి బదిలీ అయిన తీరు:
ఈ రెండు వ్యాసంగాలు ఆయనకు రెండు పద్ధతులను అలవరచాయి. శాసన పరిశోధన వల్ల ప్రతి వాదానికీ లిఖితాధారం చూపే అలవాటు, సవర అధ్యయనం వల్ల భాషకు ప్రమాణం జనవ్యవహారమేనన్న దృష్టి బలపడ్డాయని చెప్పవచ్చు. 1906 ప్రాంతంలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్, తెలుగు పుస్తకాల భాషకూ ప్రజలు మాట్లాడే భాషకూ ఇంత అంతరం ఎందుకన్న ప్రశ్నను లేవనెత్తారు. అప్పటికి రామమూర్తికి నలభై మూడేళ్లు. ప్రశ్న బయటి నుండి వచ్చినా, దానికి సమాధానం వెదికే సామగ్రి ఆయన వద్ద అప్పటికే సిద్ధంగా ఉంది.

1911లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులు గ్రాంథిక భాషాపక్షం వహించగా, రామమూర్తి ఆవేశంతో కాక ఆధారాలతో వాదించారు. ప్రాచీన కావ్యాలు, శాసనాల నుండి ప్రయోగాలను సేకరించి, వ్యాకరణం నిషేధించిన రూపాలు పూర్వులలోనూ ఉన్నాయని ‘బాలకవి శరణ్యం’లో నిరూపించారు. 1919లో ‘తెలుగు’ పత్రికను ఆరంభించారు. శాసనాన్ని పరిశీలించిన చరిత్రకారుని చూపే ఇక్కడ కావ్యప్రయోగాన్ని పరిశీలించింది. వృత్తి మారింది గాని పద్ధతి మారలేదు.

4. మార్పునకు చెల్లించిన మూల్యం:
ఈ మార్పు సుఖంగా సాగలేదు. మన్యంలో సోకిన జ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రలు చెబుతాయి. వినికిడిని ఆధారం చేసుకొని భాషను శోధించినవారికి ఇది చిన్న నష్టం కాదు. ఫలితం కూడా త్వరగా చేతికి అందలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. యౌవనంలో ఆరంభించిన పని డెబ్బై దాటాక గాని ముగియలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరడంతో, జీవితమంతా గడిపిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మరణించే నాటికి పాఠ్యపుస్తకాలలో వాడుకభాష ఇంకా పూర్తిగా స్థిరపడలేదు.

5. ముగింపు:
ఒక్క జీవితం నుండి సార్వత్రిక సూత్రం చెప్పడం సాహసమే అవుతుంది. నెలజీతం ఉన్న అధ్యాపకునికి లభించిన వ్యవధి మగ్గం విడిచిన నేతగానికి లభించదు. ఆ భేదాన్ని విస్మరించిన పరిశీలన అసంపూర్ణం. అయినా ఒక అంశం స్పష్టం. రామమూర్తి మలి వృత్తి 1911లో మొదలైనట్లు కనిపించినా, దాని బీజాలు అంతకు రెండు దశాబ్దాల ముందే పడ్డాయి. కాబట్టి నడివయసు మార్పును పరిశీలించేవారు ఉద్యోగం విడిచిన తేదీ వద్ద ఆగిపోరాదు. ఆ వ్యక్తి తొలి ఉద్యోగకాలంలో తీరికవేళ ఏం చేశాడో, ఆ వ్యాసంగానికి ఉద్యోగం ఎంత చోటు మిగిల్చిందో విచారించాలి. అధ్యాపకుల పనిగంటల నుండి ఆ చోటును తొలగిస్తే, నష్టపోయేది వారొక్కరే కాదు. వారి వల్ల వెలుగు చూడవలసిన విద్య కూడా.