ఒక్క అక్షరం మారిస్తే సరిపోదు

మిర్యాలగూడ మిల్లుల నుంచి సూర్యాపేట, కోదాడ కిరాణా కొట్ల దాకా ఒక మాట పాతుకుపోయింది. పేరున్న బియ్యం సంచిలో ఒక్క అక్షరం, కాస్త రంగు మారిస్తే కేసు ఉండదట. దీన్ని నమ్మి కొందరు మిల్లర్లు డిజైనర్ ముందు పక్క మిల్లు సంచి పెట్టి "అచ్చం ఇట్లనే గావాలె" అంటున్నారు. దీంతో పేరు నిలబెట్టుకున్న మిల్లు నష్టపోతోంది, ఒకటనుకుని ఇంకొకటి కొన్న ఇల్లాలు మోసపోతోంది. కాపీ కొట్టినవాడికీ మిగిలేది లేదు. అతని బియ్యం బాగుంటే మెప్పు పక్క మిల్లుకే పోతుంది.

అపోహ: కొంచెం మారిస్తే కాపీ కాదు.

వాస్తవం: ఇంత శాతం మారిస్తే చాలన్న లెక్క ఏ చట్టంలోనూ లేదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం చూసేది కొనేవాడు పొరబడే అవకాశం ఉందా అన్నదే. 1962లో 'అమృతధార', 'లక్ష్మణధార' పేర్లు కూడా గందరగోళపరిచేవేనని సుప్రీంకోర్టు తేల్చింది. 1972లో పార్లే గ్లూకో బిస్కెట్ల కేసు తేలింది. పార్లే పొట్లం, పోటీ కంపెనీ పొట్లం రెండింటి సైజు, రంగులు దాదాపు ఒకటే. రెండింటి మీదా చెయ్యెత్తిన అమ్మాయి, దగ్గర్లో ఆవు, ముందు కోళ్లు, వెనక కంచె ఉన్న ఇల్లు. పక్కపక్కన పెట్టి తేడాలు వెతకడం కాదు, మొత్తం పోలిక చూడాలంటూ కోర్టు పార్లే పక్షాన తీర్పిచ్చింది. సంచి కొనేవాళ్లు గుర్తుపెట్టుకునేదీ రంగూ బొమ్మే. తెలిసి మోసపు గుర్తు వేసినట్టు రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడవచ్చు.

అపోహ: సొంత బ్రాండు రిజిస్టర్ చేయిస్తే పన్ను పడుతుంది.

వాస్తవం: ఈ భయానికి ఒకప్పుడు కారణం ఉందని ఒప్పుకోవాలి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టరైన బ్రాండు పేరుతో ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం పన్ను పెట్టారు. 2022 జులై 18తో ఆ లెక్క పోయింది. 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేస్తే, బ్రాండు ఉన్నా లేకున్నా పన్నే. 26 కిలోల సంచులు వచ్చింది అందుకే. పోయిన నిబంధనకు ఇంకా భయపడటం దేనికి?

ఇలాంటివే మరో మూడు అపోహలు, వాటి జవాబులు:

గూగుల్‌లో దొరికిన బొమ్మలన్నీ ఉచితం: కాదు, వాటిలో చాలావాటికి యజమానులున్నారు.

డబ్బిచ్చాం కాబట్టి లోగో మాదే: బయటి డిజైనర్ గీస్తే, హక్కులు రాయించుకోనంతవరకు మామూలుగా అది గీసినవాడిదే.

ఫ్లెక్సీ నిండా రాస్తేనే గిట్టుబాటు: 65వ నంబరు జాతీయ రహదారి మీద బండిలో పోయేవాడు పేరు, ఊరు మించి చదవలేడు.

కాబట్టి సంచి అచ్చుకు ఇచ్చే ముందే ట్రేడ్ మార్క్స్ వెబ్‌సైట్‌లో, బియ్యం ఉండే 30వ తరగతిలో, మీ పేరు వెతకండి. అందుకు రూపాయి ఖర్చు లేదు. ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. డిజైనర్‌కు పక్క మిల్లు సంచి చూపించకండి. మీ వడ్లు ఏ రకమో, ఎవరికి అమ్ముతారో చెప్పండి. పని పూర్తయ్యాక ఒరిజినల్ ఫైలు, హక్కుల పత్రం రెండూ తీసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.