కిలిమంజారో ఎక్కాలనుకుంటున్నారా? ముందుగా రోజులు లెక్క వేసుకోండి

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ శిఖరం ఎక్కిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వార్తలు చదివినప్పుడు మన ఇళ్ళలోని పిల్లలకు కూడా ఏదైనా పెద్ద పర్వతం ఎక్కాలనే కోరిక కలగడం సహజం. ఉద్యోగాలు చేస్తున్న యువకులు, వారితో పాటు నడివయసు తల్లిదండ్రులు కూడా ఎక్కువగా తలచుకునే పర్వతం ఆఫ్రికాలోని కిలిమంజారో.

ఇది టాంజానియా దేశంలో ఉంది. ఎత్తు 5,895 మీటర్లు. ఆఫ్రికా ఖండంలో ఇదే అత్యున్నత శిఖరం. మామూలు దారుల్లో తాళ్ళు, మంచుగొడ్డళ్ళు అవసరం లేదు. నడవగలిగితే చాలు. అందువల్ల చాలామంది ఇది తేలిక అని పొరబడతారు. కాళ్ళు మోసుకుపోగలిగిన వేగానికి ఊపిరితిత్తులు, మెదడు అలవాటు పడలేవు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఎత్తుకు వెళితే శరీరంలో ఏం జరుగుతుంది?

కొండపైన గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు. అక్కడ కూడా సుమారు 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి పీడనం. కిలిమంజారో శిఖరం మీద అది సముద్రమట్టంలో ఉండే పీడనంలో దాదాపు సగమే. అంటే ప్రతి శ్వాసలోనూ మనకు అందే ఆక్సిజన్ సగానికి పడిపోతుంది.

శరీరం దీనికి సర్దుకోగలదు. ముందుగా శ్వాస వేగం పెరుగుతుంది. దానివల్ల రక్తంలో క్షార గుణం ఎక్కువవుతుంది. మూత్రపిండాలు కొద్ది రోజుల్లో దానిని సరిచేస్తాయి. అప్పుడు మనిషి ఇంకా బాగా శ్వాస తీసుకోగలుగుతాడు. ఈ పని గంటల్లో పూర్తి కాదు, రోజులు పడుతుంది. ఆ వ్యవధి ఇవ్వకుండా పైకి వెళితే ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ వస్తుంది. దీనిని మనం ఎత్తు జబ్బు అనుకుందాం.

ఇది సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాత కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని కొండలేవీ 1,700 మీటర్లు దాటవు. కాబట్టి మన కొండలు ఎన్నిసార్లు ఎక్కినా ఈ జబ్బు మనకు వస్తుందో రాదో తెలియదు. రోజూ వ్యాయామం చేసే బలమైన యువకునికి కూడా ఇది రావచ్చు. నిజానికి అలాంటివారే తొందరగా నడిచి ముందు జబ్బు పడుతుంటారు.

ఏ దారి? ఎన్ని రోజులు?

కిలిమంజారోకు గైడ్ లేకుండా వెళ్ళనివ్వరు. 1991 నుండి ఈ నియమం అమలులో ఉంది. కాబట్టి ఏదో ఒక ట్రెక్కింగ్ కంపెనీ ద్వారానే వెళ్ళాలి. పార్కు రుసుము రోజుల లెక్కన కట్టాలి గనుక రోజులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. చౌకగా తీసుకువెళతామనే వారు తక్కువ రోజుల యాత్ర చూపించడానికి ఇది ఒక కారణం.

వైద్యులు చెప్పే నియమం ఇది: 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటుకంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలి.

ఇప్పుడు మరాంగు దారి చూడండి. పడుకోవడానికి గుడిసెలు ఉన్న దారి ఇదొక్కటే. 5 రోజుల యాత్రలో మొదటి రాత్రి సుమారు 2,700 మీటర్ల వద్ద, రెండవ రాత్రి 3,700 వద్ద పడుకుంటారు. మూడవ రోజు 4,700 మీటర్లకు చేరి, ఆ అర్ధరాత్రే శిఖరానికి బయలుదేరుతారు. అంటే రోజుకు వెయ్యి మీటర్లు, నియమానికి రెండింతలు. ఇదే దారిలో 3,700 మీటర్ల వద్ద ఒక రాత్రి అదనంగా ఆగే 6 రోజుల యాత్ర కొంత మేలు.

మచామె దారిలో 7 రోజుల యాత్ర ఉంది. దీనిలో మూడవ రోజు సుమారు 4,600 మీటర్లు ఎక్కి, మళ్ళీ 3,900 మీటర్ల దాకా దిగి పడుకుంటారు. పగలు ఎత్తుకు వెళ్ళి రాత్రి దిగువన పడుకోవడం శరీరానికి మంచిది. లెమోషో దారిలో 8 రోజులు తీసుకుంటే ఇంకా మంచిది. ఇవి కూడా వైద్యులు చెప్పే నియమం కంటే కొంచెం వేగమైనవే. అందువల్ల 7 రోజులకు తక్కువ కాకుండా చూసుకోండి. ఖర్చు తగ్గించుకోవాలంటే వేరే చోట తగ్గించుకోండి గాని రోజుల్లో వద్దు.

కాలం విషయానికొస్తే జనవరి నుండి మార్చి మొదటి వారాల వరకు, జూన్ నుండి అక్టోబరు వరకు వానలు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో భారీ వర్షాలుంటాయి.

కంపెనీని ఏమి అడగాలి?

• ఉదయం, సాయంత్రం ప్రతి ఒక్కరి ఆరోగ్యాన్ని పరీక్షిస్తారా? రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ ఉందా?
• ఆక్సిజన్ సిలిండరు, స్ట్రెచర్ వెంట తెస్తారా?
• ఒకరు జబ్బు పడితే వారితో దిగడానికి వేరే గైడ్ ఉంటాడా?
• సామాను మోసే పోర్టర్లకు సరైన జీతం, తిండి, చలిబట్టలు ఇస్తారా? ఎత్తు జబ్బు వారికీ వస్తుంది. వారిని చూసుకోని కంపెనీ మిమ్మల్నీ చూసుకోదు.

ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు 6,000 మీటర్ల వరకు ట్రెక్కింగ్, హెలికాప్టర్ ఖర్చు దానిలో ఉన్నాయో లేదో చదివి చూడండి.

వెళ్ళేముందు వైద్యుని దగ్గరకు

కనీసం రెండు మూడు నెలల ముందే పరీక్ష చేయించుకోండి. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఛాతీనొప్పి ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, సికిల్ సెల్ జబ్బు, ఎక్కువ రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు ఈ యాత్ర తలపెట్టకూడదు. షుగరు, ఉబ్బసం అదుపులో ఉన్నవారు వైద్యుని సలహాతో వెళ్ళవచ్చు. ఇన్సులిన్ గడ్డకడితే పనిచేయదు. దానిని ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి.

ఎత్తు జబ్బు రాకుండా వైద్యులు తరచుగా ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఇస్తారు. డయామాక్స్ అంటే చాలామందికి తెలుస్తుంది. పెద్దలకు సాధారణంగా 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందురోజు నుండి వాడతారు. మూత్రపిండాలు చేసే పని దీనివల్ల త్వరగా జరుగుతుంది. వేళ్ళు తిమ్మిర్లెక్కడం, మూత్రం ఎక్కువగా రావడం మామూలే. సల్ఫా మందులు పడనివారు తప్పక ముందే చెప్పాలి. సొంతంగా కొని వాడవద్దు. పర్వతం దిగువ ప్రాంతాల్లో మలేరియా ఉంది గనుక దానికి మందులు, అవసరమైన టీకాల గురించి కూడా అప్పుడే అడగండి.

మూడు నెలల పాటు వారానికి నాలుగైదు రోజులు నడవండి. ఐదారు కిలోల సంచి వీపున వేసుకుని మెట్లు ఎక్కి దిగండి. శిఖరం నాడు రెండువేల మీటర్లకు పైగా దిగవలసి ఉంటుంది. మోకాళ్ళకు అసలు పరీక్ష అదే. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అలవాటు చేసుకోండి. శిఖరం దగ్గర రాత్రి చలి సున్నాకు 10 నుండి 20 డిగ్రీలు దిగువన ఉండవచ్చు. ఒకే మందపు కోటు కంటే పొరలు పొరలుగా ఉన్ని బట్టలు మేలు. చెమటకు తడిసే నూలు బట్టలు లోపల వద్దు.

దారిలో గుర్తుంచుకోవలసినవి

అక్కడి గైడ్లు స్వాహిలీ భాషలో ఎప్పుడూ అనే మాట “పోలే పోలే”. అంటే మెల్లగా, మెల్లగా అని. నిదానమే ప్రధానం అని మన పెద్దలు చెప్పినదే. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం. రోజుకు మూడు లీటర్ల వరకు నీళ్ళు తాగండి. ఆకలి లేకపోయినా కొంచెం కొంచెంగా తినండి. మద్యం, నిద్రమాత్రలు ముట్టవద్దు.

తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. తగ్గేవరకు ఇంకొంచెం కూడా పైకి వెళ్ళకూడదు. ఒక రోజు ఆగినా తగ్గకపోతే దిగాలి.

ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే, రాత్రయినా సరే దిగాలి:

• కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గులాబిరంగు నురగతో కఫం. ఇది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం.
• తాగినవాడిలా తూలడం, మాట తడబడటం, అయోమయం, ఎక్కువ మగత. ఇది మెదడు వాపు. గీత మీద మడమకు వేలు ఆనించి నడవమంటే నడవలేరు.

ఈ రెండింటిలోనూ గంటల్లో ప్రాణం పోవచ్చు. ఆక్సిజన్, మందులు సాయపడతాయి గాని అసలు వైద్యం కిందికి దిగడమే. రోగిని ఒంటరిగా పంపకూడదు.

చివరిగా ఒక మాట. ఎత్తు జబ్బు పడినవారు చాలాసార్లు ఆ సంగతి దాస్తారు. ఇంత డబ్బు పెట్టాము, ఊళ్ళో అందరికీ చెప్పి వచ్చాము అనే మొహమాటం వల్ల అలా చేస్తారు. కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో బయలుదేరుతుంటే “శిఖరం ఎక్కకుండా తిరిగి వచ్చినా మాకు సంతోషమే” అని ఇంటి దగ్గరే చెప్పి పంపండి. గైడ్ దిగమన్నప్పుడు ఆ మాట వారికి ధైర్యమిస్తుంది. పర్వతం ఎక్కడికీ పోదు. మరొకసారి వెళ్ళవచ్చు.